మన విద్యాలయములను నిలిపిన గురువులు, విద్యార్థి నాయకులు

మన సంఘముయొక్క వార్షిక మహాసభా సందర్భమున వెలువడు ఈ సంచికకు చరిత్రవిషయకమైన వ్యాసమొకటి వ్రాసి పంపవలసినదని కార్యదర్శిగారు మమ్ము కోరిరి. వంశచరిత్ర వ్రాయుడని కొందఱు మిత్రులు సూచించిరి. గోత్రముల పట్టిక కూర్చుడని మఱికొందఱు చెప్పిరి. అవి రెండును కావలసినవే. అయినను ముప్పదియేండ్లకు పైగా నల్లబల్ల ప్రక్క నిలిచి కాలము గడపిన మాకు బడులనుగూర్చి వ్రాయుటయే ఉచితమని తోచినది. తాతముత్తాతల పేర్లు వ్రాసియుంచినను వానిని చదువగలవారు ఇంటిలో లేకున్న ఆ వ్రాతవలన ఫలమేమి?

ప్రతి సంవత్సరము మన వేదికపై సన్మానములు జరుగుచున్నవి. ఉన్నతోద్యోగములు పొందినవారును, భూరివిరాళము లొసగినవారును, పరీక్షలలో ప్రథమశ్రేణి నందినవారును పూలమాలలు గైకొనుచున్నారు. ఇది తగినదే. కాని ఆ ఉద్యోగికి ఓనమాలు దిద్దించిన పంతులుగారు సభలో ఏ వరుసయందు కూర్చుండిరో విచారించువారు అరుదు. తోడి విద్యార్థుల మేలుకొఱకు ముందు నిలిచి, తన మార్కులను, ఒక్కొక్కప్పుడు తన చదువునే పోగొట్టుకొనిన బాలునకు మన బహుమానముల పట్టికలో చోటే లేదు. ఒకేచోట దీర్ఘకాలము దీక్షతో పాఠము చెప్పిన గురువును, తోడివారికి దారిచూపిన విద్యార్థిని, ఈ ఇరువురే బడిని బడిగా నిలుపుదురనియు, వీరిని గుర్తింపని సంఘమునకు చదువు చిరకాలము దక్కదనియు చరిత్రసాక్ష్యముతో నివేదించుటయే ఈ వ్యాసమునకు ప్రయోజనము.

గురువునకు గుర్తు

గురువును గౌరవించుట మనకు క్రొత్త కాదు. తైత్తిరీయోపనిషత్తులోని శిక్షావల్లి తల్లిదండ్రులతోపాటు ఆచార్యుని దైవముగా భావింపవలెనని విధించుచున్నది. అందే మఱియొక విశేషము కలదు: ఆచార్యుడే శిష్యులు తనకడకు రావలెనని ప్రార్థించును. శిష్యునకు గురువెంత కావలెనో గురువునకు శిష్యుడంత కావలెనని దీని భావము. కాళిదాసు మాళవికాగ్నిమిత్రమున ఇరువురు నాట్యాచార్యులకు వివాదము కల్పించి, కొందఱియందు విద్య తమవఱకు ప్రకాశించుననియు, కొందఱికి దానిని ఇతరులకు అందించు నేర్పు ఉండుననియు, ఈ రెండును గలవాడే ఉపాధ్యాయులలో అగ్రగణ్యుడనియు పరివ్రాజికచేత చెప్పించెను. ఆ నాటకమునందే విద్యను కేవలము బ్రతుకుతెరువుగా వాడుకొనువానిని వర్తకునితో పోల్చుటయు కలదు.

ఈ రెండు గుణములకు మేము మూడవదానిని చేర్చదలచుచున్నాము. అది నిలుకడ. ఒక యూరిలో ఒక బడిలో ఇరువది ముప్పది సంవత్సరములు ఉన్న ఉపాధ్యాయుడు తండ్రికి పాఠము చెప్పి, పిమ్మట కొడుకునకు చెప్పును. ఏ యింట దీపమున్నది, ఏ యింట లేదు, ఏ బాలుడు ఆకలితో వచ్చుచున్నాడు, ఏ బాలికను ఎప్పుడు బడి మానిపింతురు అను సంగతులు అతనికి తెలియును. ఆ యెఱుక ఏ శిక్షణకళాశాలయందును దొరకదు. ఇట్టి నిలుకడ ఏమేమి సాధించెనో మూడు నిదర్శనములతో చూతము.

రాజమహేంద్రవరపు పంతులుగారు

1848వ సంవత్సరము ఏప్రిలు 16వ తేదీన రాజమహేంద్రవరమున జన్మించిన కందుకూరి వీరేశలింగము పంతులుగారిని సంఘసంస్కర్తయనియు, గద్యకర్తయనియు, ప్రహసనకర్తయనియు లోకము స్మరించుచున్నది. ఆయన బ్రతుకు చాలవఱకు బడిపంతులుగానే గడచెనను మాట మాత్రము మఱుగుపడుచున్నది. కోరంగి, ధవళేశ్వరములలో ఆయన ఉపాధ్యాయుడుగా పనిచేసెను. ధవళేశ్వరముననున్నప్పుడే, 1874వ సంవత్సరమున, బాలికలకై పాఠశాలను నెలకొల్పెను. ఆ యేటనే వివేకవర్ధనీ పత్రికను వెలువరించెను. పిమ్మట రాజమహేంద్రవరపు ప్రభుత్వ కళాశాలలో ఆంధ్రపండితుడుగా రెండు దశాబ్దములకు పైగా పాఠములు చెప్పెను. చివర కొంతకాలము చెన్నపురి ప్రెసిడెన్సీ కళాశాలయందు పనిచేసెను.

1881వ సంవత్సరము డిసెంబరు 11వ తేదీన ఆయన తన యింట మొదటి వితంతువివాహమును జరిపించెను. ఆ కాలమున అది యెంతటి సాహసమో మనకు నేడు ఊహించుటయు కష్టమే. బంధువులు తొలగిరి; పురోహితులు వెనుకాడిరి; వెలి యను భయము ఊరంతటిని ఆవరించెను. అట్టి వేళ ఆయన ప్రక్క నిలిచినవారెవరు? ఆయన తరగతిలో కూర్చుండి పాఠము విన్న విద్యార్థులు. బసవరాజు గవర్రాజు వంటి శిష్యులు గురువుగారి మాటను తమ మాటగా చేసికొని ఊరి నిందను పంచుకొనిరి. ఆయన ధర్మపత్ని రాజ్యలక్ష్మమ్మగారు వంటవారును పనివారును మానివేసిన దినములలో నీళ్ళు తానే మోసి, వంట తానే చేసి, ఆ వివాహములకు వచ్చినవారికి అన్నము పెట్టినది. కాకినాడ వర్తకులు పైడా రామకృష్ణయ్యగారు ధనసహాయ మొనర్చిరి.

పాఠకులు ఇచట కొంచెము నిలిచి ఆలోచింపవలెను. గురువునకు ధైర్యముండెను, విద్యార్థులకు ఉత్సాహముండెను, దాతకు ధనముండెను. ఈ మూటిలో ఏ యొకటి లేకున్నను ఆ కార్యము సాగియుండదు. దాతలు సభలలో తఱచుగా స్మరింపబడుదురు. గురువులు అప్పుడప్పుడు స్మరింపబడుదురు. ఆ విద్యార్థుల పేర్లు చరిత్రకారులకు దక్క ఇతరులకు తెలియవు. పంతులుగారు 1919వ సంవత్సరము మే 27వ తేదీన చెన్నపురిలో దివంగతులైరి. తాము గడించిన సొత్తును హితకారిణీ సమాజమునకే యిచ్చివేసిరి. బడిపంతులు జీతమునుండి మిగిల్చిన ధనమునకు అంతకంటె ఉత్తమమైన వినియోగము మాకు తెలియదు.

పర్లాకిమిడిలో ముప్పదియేండ్లు

రెండవ నిదర్శనము గిడుగు వేంకటరామమూర్తి పంతులుగారు. శ్రీకాకుళ ప్రాంతమునందలి పర్వతాలపేటలో 1863వ సంవత్సరము ఆగస్టు 29వ తేదీన పుట్టి, బాల్యముననే తండ్రిని గోల్పోయి, విజయనగరమున చదివి, 1879వ సంవత్సరమున మెట్రిక్యులేషను పరీక్షలో ఉత్తీర్ణుడయ్యెను. గురజాడ అప్పారావుగారు ఆయనకు సహాధ్యాయి. మఱుసటి యేడే పర్లాకిమిడి రాజావారి పాఠశాలలో ఉపాధ్యాయుడుగా చేరెను. ఉపాధ్యాయుడుగా నుండియే స్వయముగా చదివి పట్టభద్రుడయ్యెను. 1911వ సంవత్సరమున ఉద్యోగము విరమించువఱకు ఆయన ఆ యూరిని వదలలేదు. ఆ ముప్పదియేండ్లలో ఆయన చేసిన పని పాఠ్యక్రమములో ఎచటను వ్రాసియుండలేదు.

పర్లాకిమిడి చుట్టునున్న కొండలలో సవరలు నివసించుచుండిరి. సంతలకు దిగివచ్చు ఆ జనుల మాట పట్టణమువారికి తెలియదు; పట్టణము మాట వారికి తెలియదు. ఈ యజ్ఞానమువలన వర్తకులకు లాభము, సవరలకు నష్టము కలుగుచుండెను. రామమూర్తి పంతులుగారు తెలుగు తెలిసిన సవర నొకనిని ఇంట పెట్టుకొని ఆ భాషను నేర్చిరి. లిపిలేని ఆ భాషకు వాచకములు వ్రాసిరి. తమ వ్యయముతో బడులు పెట్టించి సవర బాలురకు సవరభాషయందే చదువు చెప్పించిరి. చెన్నపురి ప్రభుత్వమువారు ఈ కృషికి ధనము పారితోషికముగా నీయజూపగా, అది తనకు వలదనియు, సవర బాలుర బడులకే దానిని వినియోగింపవలెననియు కోరిరి. ఉద్యోగము విరమించిన పిమ్మటను పని విరమింపలేదు. సవరభాషా వ్యాకరణము 1931వ సంవత్సరమునను, సవర–ఇంగ్లీషు నిఘంటువు 1938వ సంవత్సరమునను ప్రకటితములైనవి. అప్పటికి ఆయన వయస్సు డెబ్బదియైదు.

పాఠశాలల పరీక్షాధికారి యేట్సు దొరగారు విద్యార్థులకు వాడుక తెలుగు నేర్పుట యెట్లని ప్రశ్నింపగా ఆరంభమైన భాషావాదమున రామమూర్తి పంతులుగారు వ్యావహారికపక్షమునకు నాయకులైరి. గ్రాంథికమున పెరిగి, గ్రాంథికముననే యీ వ్యాసము వ్రాయుచున్న మాబోటివారు ఆయన సిద్ధాంతము నంతటిని అంగీకరింపకపోవచ్చును. కాని ఆ వాదమునకు మూలమేమో గుర్తింపక తీఱదు. బాలునకు అర్థము కాని పాఠము పాఠము కాదని ముప్పదియేండ్లు తరగతిలో నిలిచి గ్రహించిన ఉపాధ్యాయుని వేదన అందు కలదు. 1936వ సంవత్సరము ఏప్రిలు 1వ తేదీన ఒరిస్సా రాష్ట్రము ఏర్పడి పర్లాకిమిడి అందు చేరగా, ఆయన ఆ వృద్ధాప్యమున తాను జీవితము ధారపోసిన యూరిని విడిచి రాజమహేంద్రవరమునకు వచ్చెను. 1940వ సంవత్సరము జనవరి 22వ తేదీన కీర్తిశేషుడయ్యెను. నేడు ఆయన జన్మదినమును తెలుగు భాషాదినోత్సవముగా జరుపుకొనుచున్నాము.

ఈ చరిత్రలో మన సంఘీయులు ప్రత్యేకముగా గమనింపవలసిన దొకటి యున్నది. సవరలు ఆయనకు బంధువులు కారు, కులస్థులు కారు, భాషచేతనైనను ఆయనవారు కారు. ఆయన వారిని తనవారిని చేసికొనెను. విద్యకు సంబంధించినంతవఱకు ‘మనవారు’ అను మాటకు గురువు చెప్పిన యర్థమే సరియైన యర్థము.

కాకినాడ కులపతి

మూడవ నిదర్శనము రఘుపతి వేంకటరత్నము నాయుడుగారు. 1862వ సంవత్సరము అక్టోబరు 1వ తేదీన మచిలీపట్టణమున జన్మించి, ఆ పట్టణమునందలి నోబిల్ కళాశాలలోను, సికిందరాబాదు మహబూబు కళాశాలలోను పనిచేసి, పిమ్మట కాకినాడ పిఠాపురము రాజావారి కళాశాలకు ప్రిన్సిపాలుగా వచ్చి 1919వ సంవత్సరము వఱకు దానిని నడపెను. తరువాత 1925 మొదలు 1928 వఱకు చెన్నపురి విశ్వవిద్యాలయమునకు ఉపాధ్యక్షుడుగా ఉండెను. పట్టాభి సీతారామయ్యగారు, దేవులపల్లి కృష్ణశాస్త్రిగారు మున్నగువారు ఆయన శిష్యులు. ధవళవస్త్రధారియైన ఆ మూర్తిని తలచుకొన్నప్పుడెల్ల శిష్యుల కనులు చెమర్చుచుండెడివని పెద్దలవలన మేము వినియున్నాము.

ఆయన బాలికలకు కళాశాలా ద్వారములు తెఱచెను. పిఠాపురము మహారాజావారి పోషణమున అనాథబాలలకు శరణాలయమును, అంటరానివారని త్రోసివేయబడిన కులముల బాలబాలికలకు వసతిగృహమును నెలకొన్నవి. ధనము రాజావారిది, సంకల్పము గురువుది. మన పోషకులు దీనిని మనస్సున నుంచుకొందురుగాక. దాత తన ధనమును ఎచట పెట్టవలెనో చెప్పగల గురువు దొరకుట దాతకును భాగ్యమే.

పందొమ్మిదివందల ఏడవ సంవత్సరము

ఇక విద్యార్థి నాయకుల మాట. 1907వ సంవత్సరము ఏప్రిలు మాసమున బిపినచంద్రపాలుగారు ఆంధ్రదేశమున పర్యటించుచు రాజమహేంద్రవరమునకు విచ్చేసిరి. వంగదేశ విభజనమునకు వ్యతిరేకముగా లేచిన వందేమాతరోద్యమము ఆయన వాక్కుతో గోదావరీతీరమును తాకెను. ఆయన ఆంగ్లోపన్యాసములను చిలకమర్తి లక్ష్మీనరసింహముగారు తెలుగున వినిపించి, సభలోనే ఆశువుగా పద్యము చెప్పి జనులను ఉఱ్ఱూతలూగించిరి. ఆయనయు ఉపాధ్యాయుడే. రేచీకటితో బాధపడుచును బడి నడపినవాడు. వెనుకబడిన కులముల బాలురకై 1909వ సంవత్సరమున రాజమహేంద్రవరమున రామమోహన పాఠశాలను స్థాపించినవాడు.

ఆ యుపన్యాసములు విని కళాశాలా విద్యార్థులును, ఉపాధ్యాయ శిక్షణకళాశాలా విద్యార్థులును వందేమాతర పతకములు ధరించి తరగతులకు వచ్చిరి. ప్రిన్సిపాలు మార్కుహంటరు దొరగారు దానిని నిషేధించిరి. విద్యార్థులు తలయొగ్గలేదు. పెక్కుమంది కళాశాలనుండి వెడలగొట్టబడిరి. వారికి నాయకుడు గాడిచర్ల హరిసర్వోత్తమరావు. 1883వ సంవత్సరము సెప్టెంబరు 14వ తేదీన కర్నూలున జన్మించి, పేదఱికమున చదివి, చెన్నపురిలో ఎం.ఏ. పట్టమునొంది, ఉపాధ్యాయుడు కాదలచి ఆ శిక్షణకళాశాలలో చేరిన యువకుడాయన. కళాశాలనుండి బహిష్కరించుటయే గాక, ప్రభుత్వోద్యోగము ఎన్నడును లభింపకుండునట్లు ఆజ్ఞ చేసిరి. పేద కుటుంబమునకు ఆ యాజ్ఞ యెంతటి దెబ్బయో మన సంఘమునందలి తల్లిదండ్రులకు వివరింపనక్కఱలేదు.

ఇట్టి విద్యార్థిని చూచి ‘చదువు చెడగొట్టుకొన్నాడు’ అనుట లోకరీతి. ఆయన పిమ్మటి జీవితమును చూడుడు. ఆ 1907వ సంవత్సరముననే విజ్ఞానచంద్రికా గ్రంథమండలి మొదటి గ్రంథముగా ఆయన వ్రాసిన అబ్రహాము లింకను చరిత్రము వెలువడెను. 1908వ సంవత్సరమున బెజవాడనుండి స్వరాజ్య పత్రికను నడపి, తిరునల్వేలి కాల్పులను నిరసించి వ్రాసిన వ్యాసమునకై కారాగృహమున కేగెను. మొదట విధించిన ఆఱుమాసముల శిక్షను ఉన్నతన్యాయస్థానము మూడేండ్లకు పెంచెను. విడుదలయైన పిమ్మట ఆయన గ్రంథాలయోద్యమమునను, వయోజనవిద్యయందును తన శేషజీవితమును వినియోగించెను. 1914వ సంవత్సరమున బెజవాడలో అయ్యంకి వేంకటరమణయ్యగారి కృషివలన ఏర్పడిన ఆంధ్రదేశ గ్రంథాలయసంఘమునకు దీర్ఘకాలము అధ్యక్షుడుగా నుండెను. 1960వ సంవత్సరము ఫిబ్రవరి 29వ తేదీన దివంగతుడయ్యెను.

ఒక బడిలో పంతులు కానీయక వెడలగొట్టబడినవాడు దేశమంతటికి పంతులయ్యెను. చదువురాని పెద్దలకు అక్షరములు, పుస్తకము కొనలేనివారికి గ్రంథాలయము అందింపవలెనని ఏబదియేండ్లు శ్రమించెను. విద్యార్థి నాయకునికిని దీర్ఘసేవగల గురువునకును భేదము వయస్సులోనే గాని స్వభావమున లేదని ఈ యొక్క జీవితము ఋజువు చేయుచున్నది.

వెడలగొట్టబడినవారికి నీడ

విద్యార్థి ధర్మమునకు నిలిచి నష్టపడినప్పుడు సంఘము చేయవలసిన దేమి? దీనికి చరిత్ర రెండు సమాధానములు చూపుచున్నది.

మొదటిది మచిలీపట్టణపు సమాధానము. ఆ వందేమాతరపు వేడి చల్లారక మునుపే, 1910వ సంవత్సరమున, కోపల్లె హనుమంతరావుగారు, ముట్నూరి కృష్ణారావుగారు, పట్టాభి సీతారామయ్యగారు మున్నగువారు పూనుకొని ఆంధ్ర జాతీయ కళాశాలను స్థాపించిరి. అచట చదువుతోపాటు చేతిపనులును నేర్పిరి. హనుమంతరావుగారు న్యాయవాదవృత్తిని విడిచి, 1922వ సంవత్సరమున మరణించువఱకు ఆ కళాశాలకే అంకితులై యుండిరి.

రెండవది హైదరాబాదు విద్యార్థులకు లభించిన సమాధానము. 1938వ సంవత్సరము చివర ఉస్మానియా విశ్వవిద్యాలయ వసతిగృహములలో వందేమాతర గీతమును పాడరాదని నిషేధింపగా విద్యార్థులు సమ్మెచేసిరి. వందలకొలది విద్యార్థులు బహిష్కృతులైరి. సంస్థానమున వారికి చదువుకొనుటకు మార్గము లేకపోయెను. అప్పుడు నాగపూరు విశ్వవిద్యాలయమువారు వారిలో పెక్కుమందిని చేర్చుకొనిరి. ఆనాటి బహిష్కృతులలో ఒకరైన పాములపర్తి వేంకట నరసింహారావుగారు 1991 మొదలు 1996 వఱకు భారతదేశమునకు ప్రధానమంత్రిగా నుండిరి. నాగపూరువారు ఆనాడు తలుపు మూసియుండినచో ఎంతమంది చదువులు నడుమ నిలిచిపోయియుండెడివో!

విద్యార్థి నాయకత్వమనగా సమ్మెలే యని మా యభిప్రాయము కాదు. కేకలు వేయుట సులభము, నాయకత్వము కష్టము. 1907లోను, 1938లోను నిలిచిన విద్యార్థులు తమకు వచ్చు కష్టము నెఱిగియే నిలిచిరి. ఇతరులను ముందునకు త్రోసి తాము వెనుక నిలువలేదు. అదియే గుర్తు. అట్టి గుణము నిత్యజీవితమునందును కనబడుచుండును. వసతిగృహమున తన పరీక్షలు దగ్గఱపడుచున్నను రాత్రులు కూర్చుండి చిన్నతరగతి బాలురకు లెక్కలు చెప్పు పెద్దబాలుని మేము చూచియున్నాము. వంటవాడు బియ్యము తగ్గించి వండుచున్నాడని అందఱును గొణుగుకొనుచుండగా, వినయముగా పోయి అధికారితో చెప్పిన బాలుని చూచియున్నాము. జ్వరపడిన సహాధ్యాయిని భుజముపై వేసికొని వైద్యశాలకు నడచినవానిని చూచియున్నాము. వీరికి ప్రథమశ్రేణి రాకపోవచ్చును. సంఘమునకు రేపు కావలసినవారు వీరే.

కులసంఘములును చదువును

మన దేశమున కులసంఘములు ఇరువదవ శతాబ్ది తొలిదశకములలో విరివిగా ఏర్పడినవి. వాని తీర్మానములలో తఱచుగా కనబడునవి విద్యార్థి వేతనములు, వసతిగృహములు. పల్లెనుండి పట్టణమునకు వచ్చిన బాలునకు కూడును నీడయు లేకున్న చదువు లేదు. హైదరాబాదున రాజబహద్దూరు వేంకటరామారెడ్డిగారు 1918వ సంవత్సరమున నెలకొల్పిన వసతిగృహము ఇట్టివానిలో ప్రసిద్ధమైనది. సురవరము ప్రతాపరెడ్డిగారు దానికి కార్యదర్శిగా నుండి, విద్యార్థులలో తెలుగు భాషాభిమానమును, చరిత్రజిజ్ఞాసను పెంపొందించిరి. కూడు పెట్టుటతో వసతిగృహము పని తీఱదనియు, ఆ గృహమునకు ఒక పెద్దదిక్కు కావలెననియు ఆయన జీవితము చూపినది.

కులసంఘము వసతిగృహము కట్టుటలో దోషము లేదు. తనవారిని ముందుగా పైకి తెచ్చుకొనుటయు సహజమే. కాని చదువు విషయమున గీత గీయుట యెచట ఆపవలెనో తెలిసికొనవలెను. కొన్ని సంవత్సరములక్రిందట ఒకానొక సంఘసభలో మేముంటిమి. ఆ సంఘమువారి బాలురకు ముప్పదియేండ్లు గణితము చెప్పిన ఉపాధ్యాయు డొకడు ఆ యేట ఉద్యోగవిరమణ చేసెను. సెలవుదినములలో సైతము ఉచితముగా పాఠములు చెప్పినవాడు. ఆయనకు శాలువ కప్పవలెనని ఒకరు ప్రతిపాదింపగా, ‘ఆయన మనవాడు కాడుకదా’ యని వేఱొకరు అడ్డుచెప్పిరి. మేము లేచి, ‘ఆయన మన పిల్లలకు పాఠము చెప్పినప్పుడు ఎవరి కులమునైనను అడిగెనా?’ యని ప్రశ్నించితిమి. సభ మౌనము వహించెను. తీర్మానము మాత్రము ఆ దినమున సాగలేదు. ఆ శాలువ వెల స్వల్పము. అది కప్పకపోవుటచేత ఆ సంఘము బాలురకు నేర్పిన పాఠము స్వల్పము కాదు.

గిడుగువారు సవరలకు, చిలకమర్తివారు వెనుకబడిన కులముల బాలురకు, నాయుడుగారు అనాథలకు చదువు చెప్పినప్పుడు గీత గీయలేదు. గురువు గీయని గీతను శిష్యుల సంఘము గీయుట ఉచితమా?

మన కర్తవ్యము

సర్వేపల్లి రాధాకృష్ణగారి జన్మదినమగు సెప్టెంబరు 5వ తేదీని 1962వ సంవత్సరము మొదలు ఉపాధ్యాయదినోత్సవముగా దేశమంతటను జరుపుకొనుచున్నారు. ఆయన 1931 మొదలు 1936 వఱకు ఆంధ్ర విశ్వవిద్యాలయమునకు ఉపాధ్యక్షుడుగా ఉండుటచేత ఆ దినము మనకు మఱింత దగ్గఱది. అయినను ఒక దినమున పూలగుత్తి యిచ్చి మిగిలిన దినములలో మఱచుట గౌరవము కాదు. కావున మహాసభవారి విచారణకై నాలుగు మాటలు విన్నవించుకొనుచున్నాము.

ఒకటి: మన బాలబాలికలు చదువుకొనిన బడులలోను, మన వసతిగృహములలోను ఇరువదియైదేండ్లకు మించి పనిచేసిన ఉపాధ్యాయుల పేర్లు, పనిచేసిన స్థలములు, సంవత్సరములు ఒక పుస్తకమున వ్రాయింపవలెను. ఏటేట దానిని పెంచుచుండవలెను. వారు ఏ కులమువారను ప్రశ్న ఆ పుస్తకమున ఉండరాదు. వసతిగృహమున దీర్ఘకాలము అన్నము వండి పెట్టినవారిని, గంట కొట్టినవారిని సైతము అందు చేర్చవలెను. రాజ్యలక్ష్మమ్మగారు నీళ్ళు మోయకున్న పంతులుగారి కార్యము సాగెడిదా?

రెండు: పరీక్షలలో మొదటివానికిచ్చు బహుమానముతోపాటు, తోడివారికి మేలుచేసిన విద్యార్థికి, విద్యార్థినికి చెఱియొక బహుమానము ఏర్పఱుపవలెను. వారిని ఎన్నుకొను అధికారము ఉపాధ్యాయులకును తోడి విద్యార్థులకును ఉండవలెను గాని దాతలకు ఉండరాదు. ఏ బాలుడు ఎట్టివాడో ప్రక్కబల్లపై కూర్చుండినవానికే తెలియును.

మూడు: న్యాయమునకు నిలిచి చదువునకు భంగము తెచ్చుకొనిన విద్యార్థికి, ఆ కారణము యోగ్యమైనదేయని పెద్దలు నిర్ణయించినపుడు, వేఱొకచోట చదువు సాగించుటకు సహాయనిధి ఒకటి ఉండవలెను. 1938వ సంవత్సరమున నాగపూరు చూపిన ఔదార్యము మనకు ఆదర్శము. ఈ నిధిని వాడవలసిన యవసరము రాకపోయినచో సంతోషమే.

నాలుగు: మన వసతిగృహములలో కొన్ని స్థానములు ఇతర కులముల పేదబాలురకును, బాలికలకును కేటాయింపవలెను. తండ్రి కూలిచేసి పంపిన బాలుడు, తల్లి పూలమ్మి చదివించుచున్న బాలిక మన గుమ్మమున నిలిచినప్పుడు వారి ఆకలిని కులపట్టికలో వెదకుట విద్యావంతులకు తగదు. ఈ మాట కొందఱికి రుచింపకపోవచ్చును. అయినను జీవితమంతయు బల్లలపై కూర్చుండిన బాలుర ముఖములనే చూచినవారము కావున దీనిని చెప్పక మానలేకున్నాము.

పోషకులకు మఱియొక మనవి. భవనముపై దాత పేరు చెక్కించుట ఆచారమై యున్నది. అది యుండవలసినదే. ఆ ఫలకము ప్రక్కనే ఆ బడిలో దీర్ఘకాలము పనిచేసిన ఉపాధ్యాయుల పేర్లకును ఒక ఫలకము నుంచినచో దాతలకు కీర్తి తగ్గదు సరిగదా, తమ ధనమును ఎవరి చేతిలో పెట్టిరో లోకమునకు తెలిసి అది ఇనుమడించును. పైడా రామకృష్ణయ్యగారి పేరు వీరేశలింగము పంతులుగారి పేరుతోనే నేటికిని నిలిచియున్నది. పిఠాపురము మహారాజావారి విద్యాదానము వేంకటరత్నము నాయుడుగారి శిష్యుల నోట నిలిచెను.

నేడు ఉపాధ్యాయులకు బదిలీలు తఱచైనవి. ఒకే యూర ముప్పదియేండ్లు పనిచేయు భాగ్యము పెక్కుమందికి లభించుట లేదు. అయినను దీక్షకు స్థలముతో పని లేదు. ఎన్ని యూళ్ళు మాఱినను బాలునిపై దృష్టి మాఱనివాడు దీర్ఘసేవకుడే. అట్టివారు మన గ్రామములలో నేటికిని ఉన్నారు. కొందఱు ఈ సంచికను చేతబట్టి యీ పంక్తులు చదువుచుండవచ్చును. వారికి మా నమస్కారములు. తోడివారికై నిలువబడి మాటపడిన విద్యార్థులకు మా యాశీస్సులు. ఈ యేటి మహాసభలో వారందఱికిని ముందువరుసలో ఆసనములు లభించుగాక యని కోరుచు విరమించుచున్నాము.

స్వస్తి.